గాంధీజీ కుట్టిన చెప్పులు తొడుక్కున్న జనరల్

గాంధీజీ దక్షిణాఫ్రికాలో చేసిన సత్యాగ్రహం పాఠం మనమందరం హైస్కూల్లో చదువుకున్నాం. రైల్లోంచి దింపేయడం, రిజిస్ట్రేషన్ కాగితాలు తగలబెట్టడం, జైలుకు పోవడం, ఇవన్నీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఆ పాఠంలో ఎదుటి పక్షం నుంచి ఒక పేరు వస్తుంది. జనరల్ స్మట్స్. ఒక్క లైనులో వచ్చి పోతాడు. ఆ ఒక్క లైను వెనక ఎంత పెద్ద జీవితం ఉందో ఎం.ఎ. చరిత్రలో చేరాక గానీ మాకు తెలియలేదు. సంచికకు ఒక జీవిత చరిత్ర రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, ప్రతిసారీ దండ వేయదగిన మహానుభావుడి గురించే ఎందుకు రాయాలి అనిపించింది. మెచ్చుకోవలసిన గుణాలు, సహించలేని గుణాలు ఒకే మనిషిలో ఉంటే అతని గురించీ తెలుసుకోవాలి. అందుకే ఈయనను ఎంచుకున్నాం.

జాన్ క్రిస్టియన్ స్మట్స్ 1870 మే 24న దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీలో, రీబీక్ వెస్ట్ అనే ఊరి దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో పుట్టాడు. వాళ్లు డచ్చి సంతతి తెల్లవారు. అలాంటి వారిని బోయర్లు అంటారు. ఆ భాషలో బోయర్ అంటే రైతు అనే అర్థం. పేద కుటుంబం కాదు. తండ్రి పెద్ద రైతు, కేప్ శాసనసభలో సభ్యుడు కూడా. కానీ ఆ రోజుల్లో ఆ రైతు కుటుంబాల్లో ఒక ఆచారం ఉండేది. పెద్దకొడుకును చదివిస్తారు, మిగిలినవాళ్లు పొలం చూసుకోవాలి. జాన్ రెండో కొడుకు. కాబట్టి పన్నెండేళ్లు వచ్చేదాకా బడి ముఖం చూడలేదు. గొర్రెలు, పశువులు కాస్తూ, పొలంలో పనిచేసే ఖోయ్ జాతి ముసలి కాపరుల దగ్గర కథలు వింటూ కొండల వెంట తిరిగాడు.

1882లో అన్న మైకేల్ జబ్బు చేసి చనిపోయాడు. అన్నకు వచ్చే చదువు తమ్ముడికి వచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు మేము పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మనలో చాలామంది ఇళ్లల్లో ఒకరు చదివారంటే ఇంకొకరు ఆగారనే లెక్క. ఆ ఒకరు ఎవరనేది తెలివిని బట్టి తేలదు.

పన్నెండేళ్ల జాన్‌ను రీబీక్ వెస్ట్ బడిలో చేర్చి, దాని హాస్టల్లో పెట్టారు. ఆ హాస్టల్‌ను బైబిల్లోని నోవా ఓడ పేరుతో పిలిచేవారట. వచ్చిన కొత్తలో అక్షరాలు కూడా సరిగా రానివాడు, నాలుగేళ్లలో తనకంటే ఎంతో ముందు మొదలుపెట్టిన పిల్లలను దాటేశాడు. పక్క క్షేత్రంలో ఉండే మలాన్ అనే చిన్న పిల్లవాడికి ఆదివారం బడిలో బైబిలు పాఠాలు చెప్పేవాడు. ఈ మలాన్ పేరు గుర్తుంచుకోండి. అరవై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తాడు.

1886లో స్టెల్లెన్‌బాష్‌లోని విక్టోరియా కాలేజీకి వెళ్లాడు. పరీక్షకు గ్రీకు భాష తప్పనిసరి అని ఆలస్యంగా తెలిసింది. సెలవుల్లో ఆరు రోజులు గదిలో తలుపు వేసుకుని కూర్చుని గ్రీకు పుస్తకం మొత్తం బట్టీ పట్టి, ఆ పరీక్షలో పైస్థానంలో నిలిచాడని చెబుతారు. 1891లో స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండులోని కేంబ్రిడ్జి యూనివర్సిటీకి వెళ్లాడు. వస్తుందనుకున్న స్కాలర్‌షిప్ డబ్బు తగ్గిపోయింది. చివరికి తన జీవిత బీమా పాలసీని హామీగా పెట్టి స్టెల్లెన్‌బాష్ ప్రొఫెసర్ దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. స్కాలర్‌షిప్ రాక మెస్ బిల్లు కట్టలేని నెలలు మనకు కొత్త కాదు గనుక ఈ సంగతి మీకు వేరే వివరించనక్కర్లేదు. 1894లో లా పరీక్ష రెండు భాగాలూ ఒకే ఏడాది రాసి, రెండింటిలోనూ ఫస్ట్ క్లాసు సాధించాడు. కేంబ్రిడ్జిలో అంతకు ముందు ఎవరూ చేయని పని అది.

1895లో తిరిగివచ్చాడు. కొంతకాలం బ్రిటిష్ వజ్రాల వ్యాపారి సెసిల్ రోడ్స్‌ను నమ్మాడు. ఆ ఏడాది చివర్లో రోడ్స్ మనుషులు బోయర్ల స్వతంత్ర రాజ్యమైన ట్రాన్స్‌వాల్ మీదికి దొంగదాడి చేయడంతో మనసు విరిగి, ట్రాన్స్‌వాల్‌కే మకాం మార్చాడు. 1897లో కాలేజీ రోజుల నుంచి తెలిసిన ఇసీ క్రిగేను పెళ్లి చేసుకున్నాడు. 1898లో అధ్యక్షుడు క్రూగర్ ఆయనను ప్రభుత్వ న్యాయాధికారిగా నియమించాడు. అప్పటికి స్మట్స్ వయసు 28 ఏళ్లు.

ట్రాన్స్‌వాల్ నేల కింద 1886లో బంగారం దొరికింది. బంగారం ఉన్నచోటికి సామ్రాజ్యం రాకుండా ఉంటుందా? 1899 అక్టోబరులో బ్రిటిష్ వారికీ బోయర్లకూ యుద్ధం మొదలైంది. 1900 జూన్‌లో రాజధాని ప్రిటోరియా పడిపోయే ముందు ఖజానా బంగారాన్ని రైల్లోకి ఎక్కించి దాటించింది స్మట్సే. ఆ తర్వాత లాయరు కాస్తా గుర్రమెక్కాడు. ఏ మిలిటరీ స్కూల్లోనూ చదవలేదు. యుద్ధంలోనే యుద్ధం నేర్చుకుని జనరల్ అయ్యాడు. 1901లో మూడు వందల చిల్లర గుర్రపు సైనికులతో కేప్ కాలనీలోకి చొరబడి, వేలమంది బ్రిటిష్ సైనికులు వెంట తరుముతుండగా నెలల తరబడి దొరకకుండా తిరిగాడు. వానలో తడిసి, ఆకలికి అడవిలో దొరికిన విషపు కాయలు తిని చావు దాకా వెళ్లొచ్చాడు. సెప్టెంబరులో ఎలాండ్స్ నది దగ్గర ఒక బ్రిటిష్ గుర్రపు దళం మీద పడి గుర్రాలు, తుపాకులు, బట్టలు అన్నీ పట్టుకున్నారు. గుర్రం జీను సంచిలో గ్రీకు బైబిలు, కాంట్ తత్వశాస్త్ర గ్రంథం పెట్టుకు తిరిగే జనరల్ ఇంకొకడు ఉన్నాడో లేడో మాకు తెలియదు. ఆయన యుద్ధంలో ఉండగానే 1900 ఆగస్టులో ఇంటి దగ్గర పసిబిడ్డ కొడుకు చనిపోయాడు.

ఆ యుద్ధంలో బ్రిటిష్ వారు బోయర్ల ఇళ్లూ పొలాలూ తగలబెట్టి, ఆడవాళ్లనూ పిల్లలనూ క్యాంపుల్లో పెట్టారు. 26,000 మందికి పైగా జబ్బులతో చనిపోయారు. పాఠ్యపుస్తకాల్లో ఈ అంకె ఉంటుంది. నల్లజాతి వారిని వేరే క్యాంపుల్లో పెట్టారన్న సంగతి, వాటిలో కనీసం 14,000 మంది చనిపోయారన్న సంగతి చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అదే యుద్ధంలో గాంధీజీ బ్రిటిష్ వారి వైపు గాయపడినవారిని మోసే దళం నడిపారు. దానిలో ఉన్న దాదాపు 1,100 మంది భారతీయుల్లో ఎక్కువమంది తోటల నుంచి వచ్చిన గిర్మిటి కూలీలు. అంటే గాంధీజీ, స్మట్స్ మొదటిసారి ఎదురెదురు పక్షాల్లో ఉన్నది సత్యాగ్రహంలో కాదు, ఈ యుద్ధంలో.

1902 మే నెలలో వెరీనిగింగ్‌లో సంధి చర్చలు జరిగాయి. స్మట్స్ జీవితంలో మాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించిన ఘట్టం ఇదే. నల్లజాతి వారికి ఓటు హక్కు మాట సంధి పత్రంలో ఉంది. బోయర్లకు స్వపరిపాలన ఇచ్చేదాకా ఆ ప్రశ్న తేల్చకూడదని రాయించారు. ఆ వాక్యాన్ని అలా తిప్పి రాయడంలో స్మట్స్ కలం ఉంది. స్వపరిపాలన వస్తే నిర్ణయించేది తెల్లవాళ్లే కదా. ఇక ఆ ప్రశ్న ఎప్పటికి తేలుతుంది? 1906లో ఒక రాజకీయ మిత్రుడికి ఉత్తరం రాస్తూ, నల్లవారి పట్ల తనకు సానుభూతి ఉందనీ, కానీ ఆ బరువును మోసే పని తనకంటే బలమైన భుజాలున్న రాబోయే తరాలకు వదిలేయాలనిపిస్తుందనీ అన్నాడు. తెలియని మనిషి కాదు. తెలిసీ పక్కన పెట్టాడు.

1907లో ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన వచ్చింది. ఆయన పాత సహచరుడు జనరల్ బోతా ప్రధాని. స్మట్స్ కలోనియల్ సెక్రటరీ, విద్యాశాఖ మంత్రి కూడా. జనరల్ ఇప్పుడు ఫైళ్ల ముందు కూర్చున్నాడు. ఆ ఫైళ్లలో ఒకటి భారతీయులది. ట్రాన్స్‌వాల్‌లో ఉన్న ప్రతి ఆసియా మనిషీ వేలిముద్రలు వేసి సర్టిఫికెట్ తీసుకోవాలన్న చట్టం అది. గాంధీజీ ఒప్పుకోలేదు, 1908 జనవరిలో జైలుకు వెళ్లారు. జనవరి 30న ఆయనను జోహాన్నెస్‌బర్గ్ జైలు నుంచి ప్రిటోరియాలో స్మట్స్ ఆఫీసుకు తీసుకువచ్చారు. ఇద్దరూ ఇంగ్లండులో లా చదివినవాళ్లే, వయసులోనూ పెద్ద తేడా లేదు. భారతీయులు తమంతట తాము రిజిస్టరు చేసుకోవాలి, తర్వాత చట్టం రద్దవుతుంది. గాంధీజీ అర్థం చేసుకున్న రాజీ అది. అక్కడికక్కడే విడుదల చేశారు. జేబులో పైసా లేకపోతే స్మట్స్ సెక్రటరీయే రైలు ఛార్జీ ఇచ్చాడు. చట్టం మాత్రం రద్దు కాలేదు. అలాంటి మాట తాను ఇవ్వలేదని స్మట్స్ అన్నాడు. 1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా సర్టిఫికెట్లు మంటల్లో వేశారు.

ఇక్కడ కొంచెం ఆగి మన ఊళ్ల సంగతి చెప్పాలి. పక్కనున్న నేటాల్ రాష్ట్రంలోని చెరకు తోటలకు 1860 నుంచి 1911 వరకు దాదాపు 1,52,000 మంది భారతీయులను కూలికి తీసుకువెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. ఓడ రిజిస్టర్లలో ప్రతి ఒక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసుకున్నారు. సముద్రం దాటినా కులం గడి మాత్రం ఖాళీగా వదల్లేదన్నమాట. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల కూలి. ఒప్పందం అయ్యాక తిరిగి ఇండియాకు పోకుండా, మళ్లీ కూలికి కుదరకుండా అక్కడే ఉంటే మనిషికి ఏడాదికి 3 పౌండ్ల పన్ను. పౌనుకు 20 షిల్లింగులు. లెక్క మీరే వేసుకోండి. మొదటి ఏడాది జీతంలో ఆరు నెలలది పన్నుకే సరి. పదహారేళ్లు దాటిన మగపిల్లలకు, పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలకు కూడా ఆ పన్ను ఉంది.

1910 మే 31న నాలుగు రాష్ట్రాలు కలిసి దక్షిణాఫ్రికా యూనియన్ అయింది. దాని రాజ్యాంగం రూపొందించడంలో స్మట్స్‌దే పెద్ద చెయ్యి. ఆ రాజ్యాంగ సభలో నల్లవాడు ఒక్కడూ లేడు. ఓటు ప్రశ్న మళ్లీ వాయిదా పడింది. కేప్‌లో అప్పటికే ఉన్న కొద్దిమంది ఓట్లు తప్ప ఉత్తరాన నల్లవారికి ఏమీ రాలేదు. స్మట్స్ ఒకేసారి రక్షణ, హోం, గనుల శాఖల మంత్రి అయ్యాడు. 1911లో గనుల చట్టం వచ్చింది. నైపుణ్యం గల పనులు తెల్లవారికే అన్న అడ్డుగోడకు అది పునాది. 1912లో సైన్యాన్ని ఒకటి చేశాడు. ఆయుధం పట్టేది తెల్లవారే. 1913లో వచ్చిన భూమి చట్టం దేశంలో అత్యధిక సంఖ్యాకులైన ఆఫ్రికన్లకు సుమారు 7 శాతం భూమి మాత్రమే మిగిల్చింది. భూమి లేని ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఆ 7 అంకె ఎంత చిన్నదో తెలుసు.

అదే 1913లో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని ఒక జడ్జి తీర్పు ఇవ్వడంతో ఆడవాళ్లు కూడా సత్యాగ్రహంలోకి వచ్చారు. న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు పని మానేశారు. నవంబరులో 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు గాంధీజీ వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి నడిచారు. చెరకు తోటల్లో వేలమంది కత్తులు కింద పెట్టేశారు. పోలీసులు కాల్పులు జరిపారు, కూలీలు చనిపోయారు. మన పాఠాల్లో గాంధీజీ పేరే ఉంటుంది. కానీ స్మట్స్‌ను బల్ల దగ్గరికి రప్పించింది పేరు తెలియని ఈ కూలీలని మేము గట్టిగా అనుకుంటున్నాం. వాళ్ల చెమట ఆగితే గనీ లేదు, చక్కెరా లేదు. 1914 జనవరిలో తెల్ల రైల్వే కార్మికులు సమ్మెకు దిగి ప్రభుత్వం చిక్కుల్లో ఉన్నప్పుడు గాంధీజీ తన ఉద్యమాన్ని నిలిపివేశారు. ఎదుటివాడు కష్టంలో ఉన్నప్పుడు దెబ్బ కొట్టకూడదన్నది ఆయన పద్ధతి. ఆ తెల్ల కార్మికుల మీద స్మట్స్ మార్షల్ లా పెట్టి, తొమ్మిది మంది నాయకులను కోర్టుకు కూడా చూపించకుండా ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపేశాడు. భారతీయులతో మాత్రం రాజీకి వచ్చాడు. 1914 చట్టంతో 3 పౌండ్ల పన్ను పోయింది, పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది. జులైలో గాంధీజీ దేశం విడిచారు. జైల్లో తాను స్వయంగా కుట్టిన ఒక జత చెప్పులు స్మట్స్‌కు బహుమతిగా ఇచ్చి వెళ్లారు.

చెప్పులు కుట్టడం గాంధీజీ తన జర్మన్ మిత్రుడు కాలెన్‌బాక్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన ఒక క్రైస్తవ మఠంలో నేర్చుకున్నాడు. మనలో కొందరి తాతలకు ఆ విద్య నేర్పడానికి మఠం అక్కర్లేకపోయింది, దానికి చరిత్ర పుస్తకంలో చోటూ దొరకలేదు. సరే, ఆ చెప్పులను స్మట్స్ తన పొలంలో చాలా వేసవుల పాటు తొడుక్కున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను ప్రపంచానికి చూపించింది. 1915లో పక్కనున్న జర్మన్ నైరుతి ఆఫ్రికాను బోతాతో కలిసి గెలిచాడు. 1916లో తూర్పు ఆఫ్రికాలో సేనాని. 1917లో లండన్ వెళితే బ్రిటిష్ ప్రధాని తన యుద్ధ మంత్రివర్గంలో చేర్చుకున్నాడు. పదిహేనేళ్ల కిందట బ్రిటిష్ సైన్యం వేటాడిన మనిషి ఇప్పుడు బ్రిటన్ మంత్రి! విమాన దళం విడిగా ఉండాలని ఆయన ఇచ్చిన నివేదిక వల్లే 1918లో రాయల్ ఎయిర్ ఫోర్స్ పుట్టింది. నానాజాతి సమితికి రూపం గీసినవారిలో ముఖ్యుడు. 1919లో బోతా చనిపోగానే ప్రధానమంత్రి అయ్యాడు.

ప్రధానిగా మొదటి అయిదేళ్ల గురించి ఆయన అభిమానులు తొందరగా పేజీ తిప్పేస్తారు. మేము తిప్పం. 1921లో బుల్‌హుక్ అనే చోట ఎనోక్ ఎంగిజిమా అనే ఆఫ్రికన్ మత బోధకుడి అనుచరులు ప్రభుత్వ భూమిలో గుడిసెలు వేసుకుని, లోకాంతం వస్తుందని ప్రార్థనలు చేస్తూ ఉండిపోయారు. ఖాళీ చేయమంటే చేయలేదు. మే 24న పోలీసులు మెషిన్ గన్లతో వచ్చారు. వాళ్ల చేతుల్లో కత్తులు, కర్రలు, ఈటెలు. కొన్ని నిమిషాల్లో 160 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు స్మట్స్ పుట్టినరోజు. మరుసటి ఏడాది నైరుతి ఆఫ్రికాలో కుక్కల పన్ను కట్టలేని బాండెల్‌స్వార్ట్ తెగ మీద విమానాలతో బాంబులు వేయించారు. అక్కడా వందమందికి పైగా పోయారు. అదే 1922లో జోహాన్నెస్‌బర్గ్ తెల్ల గని కార్మికులు, తమ పనులు తక్కువ జీతానికి నల్లవారికి ఇస్తున్నారని తిరగబడితే వారి మీదా ఫిరంగులు, విమానాలు దింపాడు. సమస్య ఏదైనా ముందు కొంతకాలం పట్టించుకోకపోవడం, తర్వాత సైన్యాన్ని పంపడం. మంత్రి కుర్చీలో కూర్చున్నా లోపలి జనరల్ ఎక్కడికీ పోలేదు. 1924 ఎన్నికల్లో ఓడిపోయాడు.

ఓడిన తర్వాత చేసిన పనులు చూస్తే మళ్లీ ఆశ్చర్యం వేస్తుంది. 1926లో హోలిజం అండ్ ఎవల్యూషన్ అనే తత్వశాస్త్ర గ్రంథం రాశాడు. భాగాలన్నీ విడివిడిగా కూడితే వచ్చేదానికంటే మొత్తం పెద్దది అన్నది దాని సారం. హోలిజం అనే మాటను ఇంగ్లీషుకు ఇచ్చిందే ఆయన. గడ్డిజాతి మొక్కల గురించి శాస్త్రవేత్తలతో సమానంగా మాట్లాడేవాడు. డెబ్బై ఏళ్లు దాటినా కేప్‌టౌన్‌లోని టేబుల్ మౌంటెన్ ఎక్కేవాడు. ప్రిటోరియా దగ్గర ఐరీన్‌లో ఆయన ఇల్లు పాత బ్రిటిష్ మిలిటరీ క్యాంపు నుంచి కొన్న రేకుల ఇల్లు. ప్రధాని అయినా, ప్రపంచ ప్రసిద్ధుడైనా ఆ రేకుల కిందే బతికాడు, పుస్తకాలు మాత్రం వేలకొద్దీ ఉండేవి. ఇంత చదివిన మనిషి 1929లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిస్తూ ఆఫ్రికన్లు పసిపిల్లల వంటి మనస్తత్వం కలవారని, వారికి వేరే సంస్థలు, వేరే దారి ఉండాలని చెప్పాడు. 1930లో న్యూయార్క్‌లో వాళ్ల ఓర్పును గాడిద ఓర్పుతో పోల్చి అక్కడి నల్లజాతి వారికి ఆగ్రహం తెప్పించాడు. ప్రతి గడ్డిపోచనూ పేరుపెట్టి పిలవగలిగిన కళ్లు తన పొలంలో పనిచేసే మనిషిని సరిగా చూడలేదు. చదువు వేరు, చూపు వేరు.

1936లో ఇంకో మెట్టు. అప్పటికి స్మట్స్ పాత ప్రత్యర్థి హెర్ట్‌జోగ్ ప్రభుత్వంలో ఉపప్రధాని, న్యాయశాఖ మంత్రి. కేప్‌లో ఆఫ్రికన్లకు ఉన్న కొద్దిపాటి ఓటును సాధారణ జాబితా నుంచి తీసేసే బిల్లు వచ్చింది. స్మట్స్ దానికి ఓటు వేశాడు. ఆయన అనుచరుడు హాఫ్‌మైర్ లేచి వ్యతిరేకించాడు. గురువు చేయలేని పని శిష్యుడు చేశాడు.

1939 సెప్టెంబరు 4న హిట్లర్ మీద యుద్ధంలో చేరాలా వద్దా అన్న ఓటింగులో 80-67తో స్మట్స్ తీర్మానం గెలిచింది. 69 ఏళ్ల వయసులో మళ్లీ ప్రధాని. అదే ఏడాది గాంధీజీ డెబ్బయ్యో పుట్టినరోజుకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఒక అభినందన సంపుటి కూర్చారు. అంతకు మూడేళ్ల ముందు దాకా ఆయన మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. ఆ సంపుటికి స్మట్స్ వ్యాసం రాశాడు. అంత గొప్ప మనిషి చెప్పులు తొడుక్కునే అర్హత తనకు లేదనిపించిందని దానిలో ఒప్పుకున్నాడు. ఆ చెప్పులను తిరిగి గాంధీజీకి పంపించాడు. ఆ వినయం నటన అని మేము అనుకోవడం లేదు. అందుకే ఈ మనిషి అంత తేలిగ్గా అర్థం కాడు.

నెల్సన్ మండేలా అప్పుడు ఫోర్ట్ హేర్ కాలేజీలో విద్యార్థి. స్మట్స్ అక్కడికి వచ్చి యుద్ధం గురించి ప్రసంగిస్తే తామంతా ఉత్సాహంగా చప్పట్లు కొట్టామని తన ఆత్మకథలో రాశాడు. 1941లో స్మట్స్‌ను బ్రిటిష్ సైన్యంలో ఫీల్డ్ మార్షల్ చేశారు. దక్షిణాఫ్రికా నల్ల సైనికులకు మాత్రం తుపాకులివ్వలేదు. లారీలు తోలారు, స్ట్రెచర్లు మోశారు. వారిలో జాబ్ మసేకో అనే మనిషి జర్మన్లకు బందీగా చిక్కి, టోబ్రూక్ రేవులో డబ్బాలో మందు కూరి ఓడను ముంచి మిలిటరీ మెడల్ పొందాడు. తుపాకీ ఇవ్వనివాడు చేసిన పని అది.

1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాస్తున్నప్పుడు దాని పీఠిక చిత్తు ప్రతి రాసింది స్మట్స్. మానవుల ప్రాథమిక హక్కుల మీద, మనిషి విలువ మీద విశ్వాసం ప్రకటించే ఆ పీఠిక ప్రపంచమంతా చదివే మాట. చదివినవాళ్లలో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్ కూడా ఉన్నాడు. ఆ మాటలు రాసిన చెయ్యి ఎవరిదో ఆయన ఎత్తి చూపించాడు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ గారు ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. అమెరికా నీగ్రోలు సమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమని, అంటరానివారి తరఫున తామూ అలాగే వెళ్లాలనుకుంటున్నామని రాశారు. స్మట్స్ రాసిన వాక్యం పట్టుకుని ఎవరెవరు తలుపు తట్టారో చూడండి. ఆయన ఊహించి ఉండడు.

1946 ఒక్క ఏడాదిలో అన్నీ కలిసి వచ్చాయి. భారతీయులు ఎక్కడ స్థలం కొనాలో, ఎక్కడ ఉండాలో నిర్బంధించే చట్టం స్మట్స్ ప్రభుత్వం తెచ్చింది. గెట్టో చట్టం అన్నారు దానిని. జూన్‌లో డర్బన్‌లో డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ నాయకత్వంలో మళ్లీ సత్యాగ్రహం మొదలైంది. వందల మంది జైళ్లకు వెళ్లారు. భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. ఆగస్టులో జె.బి. మార్క్స్ నాయకత్వాన 70,000 మందికి పైగా ఆఫ్రికన్ గని కార్మికులు సమ్మె చేశారు. పోలీసులు లాఠీలతో, తుపాకులతో గనుల్లోకి తోలారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే తొమ్మిది మంది చనిపోయారు, పన్నెండు వందల మందికి పైగా గాయపడ్డారు. సంవత్సరం చివర ఐక్యరాజ్యసమితిలో విజయలక్ష్మీ పండిట్ గారు భారత ప్రతినిధిగా నిలబడి దక్షిణాఫ్రికా మీద ఫిర్యాదు చేశారు. ఎదురుగా స్మట్స్ కూర్చుని ఉన్నాడు. ఇది మా ఇంటి విషయం, సమితికి సంబంధం లేదని వాదించాడు. డిసెంబరు 8న 32 దేశాలు భారత్ తీర్మానానికి, 15 వ్యతిరేకంగా ఓటు వేశాయి. తన పీఠిక ఉన్న సభలోనే ఆయన ఓడిపోయాడు. ఓటింగు అయ్యాక పండిట్ గారు ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపారు.

స్మట్స్‌కు ఏమీ కనబడలేదని చెప్పడం కూడా న్యాయం కాదు. జాతులను విడదీసి ఉంచే విధానం విఫలమైందని 1942లో ఆయనే బహిరంగంగా అన్నాడు. అన్నాడు, కానీ చట్టం ఏదీ మార్చలేదు. ఆ మాత్రం అన్నందుకే తెల్ల ఓటర్లలో భయం రేపే పార్టీ ఒకటి తయారైంది. దాని నాయకుడు డాక్టర్ డి.ఎఫ్. మలాన్. అవును, రీబీక్ వెస్ట్ ఆదివారం బడిలో స్మట్స్ దగ్గర బైబిలు నేర్చుకున్న పిల్లవాడే. 1948 మే 26 ఎన్నికల్లో స్మట్స్ పార్టీకి ఓట్లు ఎక్కువ వచ్చినా సీట్లు తక్కువ వచ్చాయి. మలాన్ ప్రధాని అయ్యాడు, వర్ణవివక్షకు అపార్థెయిడ్ అని పేరు పెట్టి చట్టం తర్వాత చట్టం తెచ్చాడు. స్మట్స్ తన సొంత నియోజకవర్గం స్టాండర్టన్‌లో 224 ఓట్లతో ఓడిపోయాడు. స్టాండర్టన్‌లో ఆఫ్రికన్లూ ఉన్నారు, భారతీయులూ ఉన్నారు. ట్రాన్స్‌వాల్‌లో వాళ్లకు ఓటు లేదు. 1902లో వాయిదా వేసిన ప్రశ్న ఆ రోజుకి నలభై ఆరేళ్లది.

అదే 1948లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఆయనను ఛాన్సలర్‌గా కూర్చోబెట్టింది. ఆ డిసెంబరులో హాఫ్‌మైర్ చనిపోయాడు. 1950 సెప్టెంబరు 11న ఐరీన్‌లోని ఆ రేకుల ఇంట్లో స్మట్స్ కన్నుమూశాడు. ఎనభై ఏళ్లు. చితాభస్మాన్ని ఇంటి వెనక తాను రోజూ ఎక్కే గుట్ట మీద చల్లారు. ఆ ఇల్లు తర్వాత మ్యూజియం అయింది. లండన్‌లో పార్లమెంటు ఎదుటి చౌకులో ఆయన విగ్రహం ఉంది. 2007లో మండేలా విగ్రహం, 2015లో గాంధీజీ విగ్రహం అదే చౌకులోకి వచ్చాయి. జోహాన్నెస్‌బర్గ్ విమానాశ్రయానికి ఆయన పేరు 1952లో పెట్టి, ఆఫ్రికన్లందరూ మొదటిసారి ఓటు వేసిన 1994లో తీసేశారు. 2006లో దానికి ఆలివర్ టాంబో పేరు పెట్టారు. టాంబో కూడా ఫోర్ట్ హేర్ కాలేజీ విద్యార్థే.